నూరు మీటర్ల రొయ్య: మా ఎయిర్‌గన్ పోటీ ప్రాజెక్టు డైరీ

నవంబరు నెలాఖరు

వానలు తెరిపిచ్చాయి. చేలో దిగబడకుండా నడవొచ్చని తేలాక క్లబ్బు వాళ్ళం కలిసి చీమకుర్తి దాటి, పొదిలి రోడ్డు పక్కన మా మెంబరు ఒకాయన జామాయిల్ తోట చూసొచ్చాం. పాత తోట కొట్టేశాక మోళ్ళు మళ్ళీ చిగుళ్ళేసి మనిషెత్తు దాటాయి. ఒక పక్క రోడ్డు, అవతలి పక్క ఎప్పుడో వదిలేసిన క్వారీ తాలూకు రాళ్ళ గుట్ట, మధ్యలో చిల్లచెట్లు. ఫిబ్రవరిలో మా ఫీల్డ్ టార్గెట్ ఎయిర్‌గన్ పోటీ. ఈసారి యాభై మీటర్లతో ఆపకుండా డెబ్బై ఐదు, నూరు మీటర్ల లేన్లు (కాల్చేవాడి నుంచి బొమ్మ దాకా ఉండే దారులు) కూడా పెట్టాలని మీటింగులో చిటికెలో తీర్మానం చేశారు. పని మాత్రం నా నెత్తిన, వెల్డింగ్ మేస్త్రి నెత్తిన పడింది.

ఫీల్డ్ టార్గెట్ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇనప రేకుతో కోసిన బొమ్మ, దానికో గుండ్రటి బొక్క, ఆ బొక్క వెనక ఒక బిళ్ళ. బొక్కని కిల్ జోన్ అంటారు. పెల్లెట్, అంటే ఎయిర్‌గన్ సీసపు గుండు, బొక్కలోంచి పోయి బిళ్ళకి తగిలితే కొక్కెం వదిలి బొమ్మ వెనక్కి పడుతుంది. చుట్టూ ఉన్న రేకుకి తగిలితే ఠంగుమంటుంది కానీ బొమ్మ కదలదు. పడితే కార్డు మీద ఇంటూ, పడకపోతే సున్నా. బొమ్మని మళ్ళీ నిలబెట్టేది కాల్చేవాడే, తాడు లాగి. దూరం ఎంతో ఎవరూ చెప్పరు, లేజర్ పరికరాలు వాడకూడదు. స్కోపు (తుపాకి మీది దుర్బీను) ఫోకస్ చక్రం తిప్పి, బొమ్మ ఎక్కడ స్పష్టంగా కనబడితే అక్కడి గీతని బట్టి దూరం తేల్చుకోవాలి. గుడ్డ సంచిలో ఏదో ఒకటి నింపుకుని దాని మీద కూర్చుని, మోకాళ్ళ మీద తుపాకి ఆనించి కాలుస్తారు. మా వాళ్ళ సంచుల్లో వరి ఊకే.

బ్రిటన్‌లో 1980 ప్రాంతంలో మొదలైన ఆట ఇది. ప్రపంచ స్థాయి పోటీల్లో దూరం 50 మీటర్లు దాటదు, తుపాకి శక్తి 16.27 జౌళ్ళకి మించకూడదు. మన దగ్గర 2016 ఆయుధ నిబంధనల కింద 0.177 అంగుళాల గొట్టం, 20 జౌళ్ళ లోపు శక్తి ఉంటే లైసెన్సు అక్కర్లేదు. ఆ నాలుగు జౌళ్ళ తేడా చూసే మా వాళ్ళకి నూరు మీటర్ల మీద కన్నుపడింది. తేడా అంతగా ఉపయోగపడదని లెక్కేసి చూపిస్తా, ఆగండి.

గుట్టని చూడగానే సెక్రటరీ "వెనక గోడ దేవుడిచ్చాడయ్యా" అన్నాడు. నేనొప్పుకోలేదు. గ్రానైట్‌కి తగిలిన సీసం పెల్లెట్ ఎటు తిరుగుతుందో చెప్పలేం, దగ్గర లేన్లయితే వెనక్కే వస్తుంది. రాళ్ళకి ముందు మెత్తటి మట్టితో కట్ట పోయించాల్సిందేనని పట్టుబట్టా. జేసీబీ అద్దె చూసి కోశాధికారి మొహం మాడ్చుకున్నాడు. మాడ్చుకోనీ.

డిసెంబరు

బొమ్మలు ఏవి కొయ్యాలన్న దగ్గరే మొదటి పేచీ. విదేశీ క్లబ్బుల్లో కాకులు, కుందేళ్ళు, ఉడతల ఆకారాలు వాడతారు. ఇక్కడ పల్లెల్లో ఎయిర్‌గన్‌కి ఉన్న పేరే పిట్టల తుపాకి. తోటలో కుందేలు బొమ్మలు నిలబెట్టి తుపాకులు పట్టుకు తిరిగితే ఊళ్ళో ఏమనుకుంటారో చెప్పక్కర్లేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉన్నా పిట్టల్ని కొట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు, ఆ మరక మనకెందుకు అనేది నా వాదన. జంతువుల్లేకుండా పోదాం అన్నా. అయితే ఒంగోలు గిత్త పెడదాం, జిల్లాకి గుర్తు కదా అని ఒక కుర్రాడు మూపురంతో సహా అందంగా గీసుకొచ్చాడు కూడా. మా పెద్దాయన కాగితం చూసి, "గిత్తని పడగొట్టి చప్పట్లు కొడతారంట్రా మీరు? పందేలకి ఎడ్లు కట్టిన ఇంట్లో పుట్టినోణ్ణి నేను" అన్నాడు. గిత్త అక్కడితో ఆగింది.

చివరికి మిరపకాయ, గుమ్మడికాయ, ఎండ్రకాయ, సపోటా, రొయ్య తేలాయి. నూరు మీటర్లకి రొయ్య. ఎందుకంటే దాని వీపు వంపులో పెద్ద బొక్క పడుతుంది, మీసాలు కొయ్యడం మేస్త్రికి సరదా.

మేస్త్రి షెడ్డు ఒంగోలులో కర్నూలు రోడ్డు మీద. క్వారీ యంత్రాలకి పళ్ళు అతికే మనిషి, నా బొమ్మల పని ఆయనకి ఆటవిడుపు. రేకుకి 5 మి.మీ. ప్లేటు చాలు. దగ్గర దూరాల బొమ్మలు పాత డిజైనులోనే, తొందరగా అయిపోయాయి. వాటి గురించి రాయడానికేం లేదు.

రొయ్య దగ్గరే ఆగాం. పాత పద్ధతిలోనే 5 మి.మీ. ప్లేటుతో 110 మి.మీ. బిళ్ళ కోసి తూకం వేస్తే 370 గ్రాములు దాటింది. నా తుపాకిలో 0.67 గ్రాముల పెల్లెట్ సెకనుకి 235 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది, అంటే 18.5 జౌళ్ళు. నూరు మీటర్లు పోయేసరికి వేగం నూట యాభై చిల్లరకి పడిపోతుంది, శక్తి 8 జౌళ్ళ లోపే మిగులుతుంది. బిళ్ళని తోసేది ఆ మిగిలిన తోపుడే. బిళ్ళ ఎంత బరువైతే అంత నిదానంగా కదులుతుంది, కొక్కెం రాపిడి దగ్గరే ఆగిపోతుంది. నూరు మీటర్లలో దెబ్బకి తట్టుకోడానికి 2 మి.మీ. ప్లేటు చాలు. అలా కోయిస్తే నూట యాభై గ్రాములకి దిగింది.

"సన్నంగా ఉంటే సొట్టలు పడదా అబ్బయా?" అని మేస్త్రి అనుమానం. దగ్గర్నుంచి కొడితే పడుతుంది. అందుకే ఆ బిళ్ళ మీద "75, 100 మాత్రమే" అని పెయింటుతో రాయించా, ఎవడో తీసుకెళ్ళి పది మీటర్లలో పెట్టకుండా.

ఇంకో చిక్కు కీలు దగ్గర. బిళ్ళ ఒక కాడకి అతికి ఉంటుంది, కాడ అడుగున కీలు. పాత డిజైనులో కీలు బొక్క అడుగు అంచుకి ఐదు సెంటీమీటర్ల కిందే ఉంది. 40 మి.మీ. బొక్కకి అది సరిపోతుంది. 110 మి.మీ. బొక్కలో పైఅంచుకి తగిలిన దెబ్బ కీలు నుంచి 16 సెం.మీ. దూరంలో పడుతుంది, కిందంచుకి తగిలింది 5 సెం.మీ. దూరంలో. అంటే ఒకే పెల్లెట్, మూడింతల తేడా. పైన తగిలినవాడిది పడి, కింద తగిలినవాడిది పడకపోతే అది పోటీ కాదు, లాటరీ. కీలుని బొక్కకి 20 సెం.మీ. కిందకి దించాం. ఇప్పుడు తేడా ఇరవైకీ ముప్పై ఒకటికీ మధ్య.

సంక్రాంతికి ముందు

షెడ్డులో నూరు మీటర్లు ఎక్కడ దొరుకుతాయి? దెబ్బని లెక్కగట్టి నట్టుతో కొట్టి చూడటమే. నూరు మీటర్ల దగ్గర పెల్లెట్ ఇచ్చే తోపు ఎంతో, 50 గ్రాముల నట్టు 20 సెం.మీ. ఎత్తునుంచి ఊగి వచ్చి కొట్టినా అంతే. నట్టుకి గుడ్డ చుట్టి దారానికి వేలాడదీశాం, గోడ మీద సుద్దముక్కతో ఎత్తు గీశాం. నట్టు పెల్లెట్ కన్నా బరువు కాబట్టి బిళ్ళకి కాస్త తక్కువే అందుతుంది. దానికే పడితే పెల్లెట్‌కి ఖాయంగా పడుతుంది. నడిమికి పడుతోంది, పైకి పడుతోంది, కింద ఎడమ పక్క మాత్రం మొరాయిస్తోంది.

మేస్త్రి నోట్లో ఉన్న వక్క పక్కకి తోసి, ఒంగి చెవి దగ్గర పెట్టి బిళ్ళని వేలితో నెట్టాడు. "గీస్తాంది" అన్నాడు. నాకేం వినపడలేదు. కొక్కెం ముక్కు మీద ఆకురాయి రెండు సార్లు ఆడించి, ముక్కు అంచుని కాస్త గుండ్రం చేశాడు. తర్వాత రేకు వెనకున్న బోల్టు అర చుట్టు తిప్పాడు. ఆ బోల్టుదే అసలు కిటుకు. రేకు ఎంత వెనక్కి వాలి ఉంటే దాని బరువు అంతగా కొక్కెం మీద పడుతుంది, రాపిడి పెరుగుతుంది. నిటారుగా ఉంటే కొక్కెం తేలిగ్గా వదులుతుంది, కానీ రేకు పడటానికి మొహమాటపడుతుంది, వెనకనుంచి గాలి తోస్తే అసలు పడకపోవచ్చు. ఈ రెంటికీ నడుమ వేలెడు సందులో సరైన వాలు ఉంది. అది దొరికాక కింద ఎడమ పక్క కూడా నట్టుకి లొంగింది. బోల్టుకి ఎదురు నట్టు బిగించి, పైన ఎర్ర పెయింటు చుక్క పెట్టించా. చుక్క చెదిరితే ఎవరో కదిలించారన్నమాట.

తాడు సంగతి. నూరు మీటర్ల నైలాన్ తాడు లాగితే ముందు తాడే సాగుతుంది, బొమ్మ తర్వాత సంగతి. మోళ్ళకి చుట్టుకుంటుంది కూడా. బొమ్మ నుంచి లేన్ పొడుగునా సన్నటి జిఐ వైరు వేసి, మేకులకి రింగులు అతికించి అందులోంచి లాగించి, చేతి దగ్గర పది మీటర్లే తాడు పెట్టాం. కొత్తపట్నంలో వలల కొట్టు నుంచి తెచ్చిన తాడు, చేతికి కొయ్యదు.

సంక్రాంతి వెళ్ళాక

ఇప్పుడు గాలి. నూరు మీటర్లంటే యాభైకి రెట్టింపు కాబట్టి అక్కడి 40 మి.మీ. బొక్క కూడా రెట్టింపు, 80 మి.మీ. చేస్తే సరి అని చాలామంది అన్నారు. తుపాకి గురికైతే ఆ లెక్క సరిపోవచ్చు. గాలికి సరిపోదు.

గాలి పెల్లెట్‌ని ఎంత పక్కకి నెడుతుందనేది అది గాల్లో ఉన్న మొత్తం సమయాన్ని బట్టి కాదు, గాలి అడ్డు లేకుండా పోతే పట్టే సమయం కన్నా ఎంత ఆలస్యమైందో దాన్ని బట్టి ఉంటుంది. ఆ ఆలస్యాన్ని అడ్డగాలి వేగంతో గుణిస్తే పక్కకి జరిగే దూరం. నా పెల్లెట్ యాభై మీటర్లు పోవడానికి పావు సెకను లోపే పడుతుంది, ఆలస్యం సెకనులో నలభయ్యో వంతు. నూరు మీటర్లకి అర సెకను దాటుతుంది, ఆలస్యం పదో వంతు. సెకనుకి 3 మీటర్ల అడ్డగాలి అంటే మనం హాయిగా ఉందనుకునే గాలే. దానికి యాభై దగ్గర 7 సెం.మీ., డెబ్బై ఐదు దగ్గర 17, నూరు దగ్గర 30 పైన పక్కకి పోతుంది. దూరం రెట్టింపు, గాలి దెబ్బ నాలుగింతలు. పైన చెప్పిన నాలుగు జౌళ్ళు దీని ముందు ఏ మూలకి?

అలాగని బొక్కని నాలుగింతలు చేస్తే పళ్ళెం అంత అవుతుంది, గాలి లేనప్పుడు చిన్నపిల్లాడు కూడా పడగొడతాడు. డెబ్బై ఐదుకి 70 మి.మీ., నూరుకి 110 మి.మీ. దగ్గర ఆగాం. మిగతాది గాలి చదివేవాడికి వదలాలి. చదవాలంటే గాలి కనపడాలి. అందుకే దూరపు లేన్లలో జెండాలు పెట్టాలన్నా. "జెండాలు పెడితే ఫీల్డ్ టార్గెట్ ఏముంది, గడ్డి చూసి కొట్టాలి గానీ" అని ఇద్దరు ముగ్గురు సీనియర్లు ఎదురు తిరిగారు. తుపాకి మూతికి ఊలు దారం కట్టుకోవడం ఎలాగూ ఉంది, అది చాలన్నారు. దగ్గర లేన్లలో వాళ్ళ మాట నిజమే. నూరు మీటర్ల లేన్‌లో మొదటి ముప్పై మీటర్లు జామాయిల్ చాటున నిశ్శబ్దంగా ఉంటాయి, ఆ తర్వాత తోట తెగి రోడ్డు వైపు నుంచి గాలి కోసుకుపోతుంది. మూతి దగ్గర దారం నిద్రపోతుంటే అరవై దగ్గర గాలి ఈడ్చి కొడుతుంటుంది. చూడలేనిదాన్ని చదవమనడం పరీక్ష కాదు. ముప్పై ఐదు, అరవై మీటర్ల దగ్గర కర్రలకి పాత చీర అంచు పీలికలు కట్టాం. ముప్పై ఐదు దగ్గరిది ముఖ్యం. దారి మొదట్లో తగిలిన గాలి పెల్లెట్ వంకరని మిగతా దూరమంతా పెంచుకుంటూ పోతుంది, చివర్లో తగిలినదానికి అంత సమయం దొరకదు.

రోడ్డు మీద గ్రానైట్ టిప్పర్ పోయినప్పుడల్లా లేచే దుమ్ము కూడా మంచి జెండానే, అడక్కుండా దొరికేది.

దూరం దాచడం గురించి కూడా నాదో మాట నెగ్గింది. స్కోపు చక్రంతో దూరం కొలవడం యాభై లోపు పనిచేస్తుంది. ఆ పైన డెబ్బైకీ ఎనభైకీ బొమ్మ ఒకేలా స్పష్టంగా కనిపిస్తుంది. నూరు దగ్గర పెల్లెట్ నిట్టనిలువుగా కాకపోయినా బాగానే కిందకి దిగుతూ వస్తుంది, ఐదు మీటర్లు తప్పు కొలిస్తే ఎత్తులో దాదాపు 8 సెం.మీ. తేడా. 110 మి.మీ. బొక్కలో నడిమి నుంచి అంచుకి అయిదున్నర సెంటీమీటర్లే, కాబట్టి అది అయ్యేపని కాదు. దూరపు లేన్ల దగ్గర బోర్డు మీద దూరం రాసేశాం. దాచాల్సినవి దగ్గర్లోనే దాచాం, చిల్లచెట్ల నీడల్లో, పల్లంలో.

ఫిబ్రవరి, పోటీకి ముందు వారం

లేన్ల వెనక మట్టికట్ట గట్టిపడింది. పెల్లెట్ పైకెత్తి కాలిస్తే వందల మీటర్లు పోతుంది కాబట్టి కట్ట పైన దాటే వీలుండకుండా కూర్చునే చోట్లు కాస్త మిట్టకి మార్చాం, అన్ని లేన్లలోనూ గురి కిందకే. గొర్రెలు తోలుకొచ్చే ఆయన ఉదయం ఈ దారినే పోతాడు. ఆయన్ని కలిసి ఆ ఆదివారం క్వారీ వెనక నుంచి పొమ్మని బతిమాలుకున్నాం. "మీ టపటపలకి నా గొర్రెలు బెదురుతాయా?" అని అడిగాడు. లేదన్నాం. పిసిపికి (ముందే గాలి నింపుకునే రకం ఎయిర్‌గన్‌కి) సైలెన్సర్ లాంటి గొట్టం ఉంటే తుమ్మినంత చప్పుడే. స్టేషన్‌లో లెటరు ఇచ్చాం, ఎర్ర గుడ్డలు, ఈలలు, కళ్ళద్దాలు, చేతులు కడుక్కోడానికి సబ్బు, నీళ్ళ డ్రమ్ము. సీసం పట్టిన చేతుల్తో ఇడ్లీ తినొద్దని బోర్డు రాయమంటే కుర్రాళ్ళు ఇడ్లీ బొమ్మ కూడా వేశారు.

ఉదయం కాల్చినవాడికి గాలి ఉండదు, పదకొండు దాటాక సముద్రం వైపు నుంచి మొదలవుతుంది. లేన్ల వంతుని బట్టి అదృష్టం మారకూడదని దూరపు లేన్లు అందరికీ రెండుసార్లు పెట్టాం, పొద్దున ఒకసారి, టిఫిన్లయ్యాక ఒకసారి. లేన్‌కి రెండు దెబ్బలు, మూడు నిమిషాలు.

పోటీ రోజు

కందుకూరు, కావలి నుంచి కూడా వచ్చారు. మంచు విడవకముందే మొదలుపెట్టాం. పొద్దున రౌండులో రొయ్య చాలాసార్లే పడింది. "బొక్క పెద్దదైపోయింది" అని సీనియర్లు నా వైపు చూశారు. నేనేం మాట్లాడలేదు.

టిఫిన్లయ్యాక పీలికలు లేచాయి. అదే రొయ్య, అదే బొక్క. కార్డుల నిండా సున్నాలు. చాలామంది అరవై దగ్గర పీలిక చూసి పక్కకి గురి పెట్టారు గానీ, ముప్పై ఐదు దగ్గరిది చూడలేదు. కావలి నుంచి వచ్చిన ఒకావిడ మాత్రం కూర్చుని, తుపాకి భుజానికి ఎత్తకుండా ముందు రెండు పీలికల్నీ చూస్తూ ఉండిపోయింది. మార్షల్ గడియారం చూసి "అమ్మా, నిమిషం ఉంది" అన్నాడు. ముందు పీలిక వేలాడింది, అవతలిది సగం వాలింది. కాల్చింది, పడింది. తాడు లాగి మళ్ళీ అలాగే ఆగింది. రెండోది సమయం చాలక హడావుడిగా కాల్చి తప్పింది. మొత్తం మీద పోటీ గెలిచింది ఆవిడ కాదు, ఎప్పుడూ గెలిచే ఒంగోలు కుర్రాడే. దగ్గర లేన్లలో వాణ్ణి పట్టలేం.

ఎండ ఎక్కాక ఇంకో గోల. స్కోపులు వేడెక్కి ఫోకస్ గీతలు జరిగాయి. పొద్దున నలభై చూపించిన బొమ్మ ఇప్పుడు నలభై ఐదు చూపిస్తోందని గొడవ. ఇది తెలిసినవాళ్ళు స్కోపు మీద తడి తువ్వాలు కప్పుకుని తిరిగారు, తెలియనివాళ్ళు బొమ్మ జరిపారని మా మీద పడ్డారు.

నిజమైన ఫిర్యాదు ఒకటే వచ్చింది. డెబ్బై ఐదు లేన్‌లో గుమ్మడికాయ. "లోపలికి పోయింది, నేను చూశా, పడలేదు" అని ఒకాయన. కాల్పులు ఆపించి వెళ్ళి చూశాం. బొక్క అంచు మీద సీసం గీత, బిళ్ళ మీద ఒక పక్క చిన్న మరక. అంచుకి తగిలి చీలి సగం లోపలికి పోయింది. అంచుకి తగిలింది పడితే ఇంటూ, పడకపోతే సున్నా, అంతే రూలు. అయినా నట్టు దారం జేబులోనే ఉంది కాబట్టి తీసి, ఆయన ముందే బిళ్ళ కిందంచుకి కొట్టి చూపించా. పడింది. ఎర్ర చుక్క చెదరలేదని కూడా చూపించా. ఆయన సున్నా ఒప్పుకుని సంతకం పెట్టాడు.

తర్వాతి ఆదివారం

సామాన్లు దింపి, పెల్లెట్ ముక్కలు ఏరి, బిళ్ళలు పరిశీలించాం. 2 మి.మీ. బిళ్ళకి సొట్టల్లేవు. జిఐ వైరు ఒక రింగు దగ్గర అరిగింది, రింగు స్థానంలో చిన్న కప్పీ పెట్టాలి. ముప్పై ఐదు మీటర్ల పీలిక పొట్టిగా ఉంది, ఆకుల్లో కలిసిపోతోంది. దాన్ని పొడుగు చెయ్యాలి, రంగు కూడా మార్చాలి. నూరు బొక్కని 100 మి.మీ.కి తగ్గించమని సీనియర్లు మళ్ళీ అడుగుతున్నారు. మధ్యాహ్నం కార్డులు వాళ్ళ ముందు పెట్టా, ఇంకా జవాబు రాలేదు. దూరపు లేన్‌కి మూడు నిమిషాలు చాలదు, నాలుగు ఇవ్వాలని నేనడుగుతున్నా. దానికి సెక్రటరీ ఒప్పుకున్నాడు, రోజు చాలకపోతే దగ్గర లేన్లలో ఒకటి తీసేద్దాం అన్నాడు. సపోటా తీసేస్తే మంచిదని నా ఉద్దేశం. దాని కొక్కెం మేస్త్రి దగ్గరికి మళ్ళీ పోవాలి ఎలాగూ.